తెర మీది గోదావరి... కొండ మీంచి గోదావరి!

గోదావరిని మీరు చూశారా?

చూసే వుంటారు. రైలు రాజమండ్రి బ్రిడ్జి ఎక్కగానే కిటికీలోంచి రూపాయి బిళ్ళ విసిరి దణ్ణం పెట్టుకున్నవాళ్ళు కొందరు. అంతకంటే ఎక్కువమంది సినిమా హాల్లో కూచుని, అక్కినేని పడవ నడుపుతుంటే నోరు తెరుచుకుని చూసినవాళ్ళు! "మూగమనసులు" (1964)లో ఆ పడవ వెంట ఏడ్చినవాళ్ళూ, "అందాల రాముడు" (1973)లో ఆ లాంచీ వెంట నవ్వినవాళ్ళూ మన ఇళ్ళల్లో ఇంకా వున్నారు. వాళ్ళ మనవలూ మనవరాళ్ళూ శేఖర్ కమ్ముల తీసిన "గోదావరి" (2006)తో మళ్ళీ అదే దారిన భద్రాచలం బయల్దేరారు. ఆదుర్తి సుబ్బారావు "మూగమనసులు"నే హిందీలో "మిలన్" (1967)గా తీస్తే, ఆ పడవ వాడి కథకి ఉత్తరాది వాళ్ళూ కళ్ళు తుడుచుకున్నారు.

అంతా బాగానే వుంది. కానీ ఒక్క సంగతి గమనించారా? సినిమాలో గోదావరి ఎప్పుడూ ఎవరో ఒకరి వెనకాలే వుంటుంది. హీరో వెనక, హీరోయిన్ వెనక, పాట వెనక. ఎవరూ అడ్డం లేకుండా ఆ నదిని తనివితీరా చూడాలంటే ఏదైనా ఎత్తు ఎక్కాలి. అలాంటి ఎత్తు ఒకటి సరిగ్గా ఏటి నడిమధ్యనే వుంది. దాని పేరు పట్టిసీమ.

పల్లం నుంచి బయల్దేరి...

నేను బయల్దేరింది ఏలూరు నుంచి. ఈ ప్రాంతం వాళ్ళకి కొండంటే ఎందుకంత మోజో తెలియాలంటే ముందు కొల్లేరు వైపు ఒకసారి వెళ్ళిరావాలి. కృష్ణా డెల్టాకీ గోదావరి డెల్టాకీ మధ్య పళ్ళెంలా పరుచుకున్న పల్లం అది. బుడమేరూ తమ్మిలేరూ వచ్చి అందులో పడతాయి. ఆటపాకలో చెట్ల నిండా గూడబాతులు. వాటిని చూడ్డానికి సెలవురోజుల్లో పిల్లలు కేరింతలు కొడుతూ వస్తారు. ఆ వూళ్ళల్లో ఎత్తయిన జాగా ఏదని అడిగితే చేపల చెరువు గట్టు చూపిస్తారు! ఏలూరు చేరితే కృష్ణా కాలువ, గోదావరి కాలువ ఎదురెదురుగా వచ్చి కలుసుకుంటాయి. అక్కణ్ణించి తాడేపల్లిగూడెం దాకా, ఆపైన నిడదవోలు దాకా వరిచేలు, కాలువలు, మళ్ళీ వరిచేలు. అంతా అడ్డంగానే కనిపిస్తుంది. నిలువుగా కనిపించేవి కొబ్బరిచెట్లూ, పాతకాలం సినిమా హాళ్ళూ!

పట్టిసీమ వెళ్ళడానికి రెండు దార్లున్నాయి. తాడేపల్లిగూడెం వాళ్ళయితే నిడదవోలు మీదుగా కొవ్వూరు చేరుకోవచ్చు. ఏలూరు వాళ్ళు నల్లజర్ల, దేవరపల్లి మీదుగా మెట్ట దారి పట్టొచ్చు. నేను మెట్ట దారినే వెళ్ళాను. పొగాకు బేరన్లు, జీడిమామిడి తోటలు, ఎర్రమట్టి. పంటకాలువల వాసన అక్కడే వదిలిపోయి ఇంకో లోకంలోకి వెళ్తున్నట్టుంటుంది.

సినిమా చెట్టు

కొవ్వూరు నుంచి పట్టిసీమ పాతిక కిలోమీటర్ల దూరం వుంటుంది. రోడ్డు ఏటిగట్టు వెంటే పోతుంది. కుడిపక్క గోదారి అప్పుడప్పుడూ కొబ్బరిచెట్ల సందులోంచి తొంగిచూస్తూ వుంటుంది. దారిలో తగిలే వూరు కుమారదేవం. ఈ పేరు విన్నారో లేదో గానీ, ఈ వూరి చెట్టుని మీరు తప్పకుండా చూసే వుంటారు.

గట్టు పక్కన నిద్రగన్నేరు చెట్టు. వయసు నూట యాభై ఏళ్ళ దాకా. గొడుగులా కొమ్మలు చాపుకుని, సగం గట్టుకీ సగం ఏటికీ నీడ పట్టేది. "పాడిపంటలు" (1976) మొదలుకొని వందల సినిమాల్లో ఆ చెట్టు నటించిందని చెబుతారు. దాని కింద పంచాయితీలు జరిగాయి, పాటలు జరిగాయి, పెళ్ళిచూపులు జరిగాయి, ఫైటింగులు జరిగాయి. వంశీ లాంటి దర్శకులకి అది లక్కీ చెట్టు. వూరి పేరు చెబితే తెలియనివాళ్ళు కూడా "సినిమా చెట్టు" అంటే "ఓహో అదా!" అనేవాళ్ళు.

2024 ఆగస్టు 5న ఆ చెట్టు కూలిపోయింది. ఎవరూ నరకలేదు. వయసు మీరి, మొదలు బోలుపడి, వానాకాలంలో ఒరిగిపోయింది. చుట్టుపక్కల వూళ్ళవాళ్ళు చూడ్డానికి పరుగెత్తుకొచ్చారు. మనవాళ్ళు ఎవరో పోయినట్టు ఫోటోలు తీసుకున్నారు. తర్వాత మిగిలిన మోడుకి మందులు పెట్టి చికిత్స చేశారు. చిగుళ్ళు వేసింది. మీ పిల్లలు సినిమాలు చూసే రోజులకి మళ్ళీ హీరో మీద నీడ పడుతుందేమో!

చెట్టు కూలితే వార్త అయింది. పేపర్లో వేశారు, టీవీలో చూపించారు. ఆ చెట్టు ముందు పారే నది కూడా మారిపోతోందన్న సంగతి మాత్రం, ఎత్తు ఎక్కి చూస్తే గానీ తెలియదు.

ఏటి నడుమ దేవకూటం

పట్టిసం వూరి రేవులో దిగి చూస్తే ఎదురుగా నీళ్ళలో చిన్న కొండ. దేవకూటం అంటారు. కొండ మీద చెట్లు, చెట్ల మధ్య తెల్లగా గోపురం. వేసవిలో ఏరు సన్నబడితే ఇసుక మీద చాలా దూరం నడిచే పోవచ్చు. వరద రోజుల్లో కొండకీ వూరికీ మాటల్లేవు. మిగతా కాలమంతా పడవే.

పడవాయన అరవై దాటిన మనిషి. తలపాగా, చేతిలో గడ. నా భుజాన వేలాడుతున్న కెమెరా చూసి, "ఏవండీ, తవరు సినిమావోళ్ళాండీ?" అన్నాడు.

"కాదు బాబాయ్, సినిమా పత్రిక" అన్నాను.

"ఏదయినా ఒకటేలెండి. షూటింగులోళ్ళు ఏటిని చూడరండి. ఎండని చూత్తారు. ఎండ బాగుంటే తీసేత్తారు, మబ్బేత్తే సర్దేసుకుంటారు. ఏరెక్కడికి పోద్ది, ఎప్పుడొచ్చినా ఇలాగే వుంటాదనుకుంటారండి..."

"వుండదా మరి?"

ఆయన గడ నీళ్ళలో గుచ్చి పడవని నెమ్మదిగా తోశాడు. "పైకెళ్ళి చూసి రండి. దిగొచ్చాక చెబుతాను" అన్నాడు.

కొండ పెద్ద ఎత్తేం కాదు. ఆయాసం రాకముందే మెట్లు అయిపోతాయి. పైన వీరేశ్వరస్వామి, భద్రకాళి అమ్మవారు. పక్కనే భావనారాయణస్వామి. శివుడి క్షేత్రానికి విష్ణువు కాపలా! స్థలపురాణం దక్షయజ్ఞం నాటిది. దక్షుడి తల తెంచిన వీరభద్రుడు తన పట్టిసం అనే ఆయుధాన్ని ఇక్కడి గోదావరిలో కడిగాడట. అందుకే వూరికి ఆ పేరు. శివరాత్రి తీర్థానికి వేలకు వేల జనం వస్తారు. ఆ ఒక్క వేడుకా చూడ్డానికే దూరపు వూళ్ళ నుంచి బళ్ళు కట్టుకొచ్చిన రోజులు పెద్దవాళ్ళకి ఇంకా గుర్తే.

విశ్వనాథ్ గారి "స్వాతిముత్యం" (1986) షూటింగు జరిగిన చోట్లలో పట్టిసీమ కూడా ఒకటి. కమల్ హాసన్, రాధిక నటించిన ఆ సినిమా ఆ ఏడు మన దేశం తరఫున ఆస్కారుకి వెళ్ళింది. మెట్ల మీద కూచున్న కుర్రాళ్ళు ఇద్దరు నాతో పందెం వేసుకున్నట్టు మాట్లాడుతున్నారు. ఒకడు "ఇక్కడే కమలాసను నిలబడ్డాడు" అంటాడు, ఇంకొకడు "కాదెహె, ఆ మెట్టు మీద" అంటాడు. ఇద్దరూ ఆ సినిమా వచ్చిన ఎన్నో ఏళ్ళకి పుట్టినవాళ్ళే!

నాలుగు దిక్కులు

ఇక గోపురం నీడలో నిలబడి చూడండి. దిగువకి చూస్తే గోదారి సముద్రమంత వెడల్పు. లంకలు, ఇసుక తిన్నెలు, దూరంగా పొగమంచులో రాజమండ్రి దిక్కు. తూర్పున అవతలి వొడ్డు పచ్చగీతలా వుంటుంది. ఎగువకి చూస్తే నీలంగా ఒకదాని వెనక ఒకటి కొండల వరస. ఆ కొండల్లోకి పోయేకొద్దీ నది సన్నబడి, రెండు గుట్టల మధ్య పాపిడి తీసినట్టు పారుతుంది. అవే పాపికొండలు. అందాల రాముడు ఎక్కిన లాంచీ వెళ్ళింది ఆ దారినే.

పడమటి వొడ్డున మాత్రం కొత్త దృశ్యం. పట్టిసీమ ఎత్తిపోతల పథకం. 2015లో కట్టారు. 24 పంపులు. అన్నీ తిరిగితే సెకనుకి 8,500 ఘనపుటడుగుల గోదారి నీరు కాలువలోకి ఎక్కుతుంది. ఆ కాలువ ఏలూరు పక్కన పెదవేగి మండలం మీదుగా పోయి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఒకప్పుడు వేంగి రాజులు ఏలిన పెదవేగి పొలాల పక్కనించి ఇప్పుడు గోదారి పారుతోందన్నమాట! అంతటితో అయిపోలేదు. కృష్ణలో పడిన నీరు ప్రకాశం బ్యారేజీ దగ్గర మళ్ళీ కాలువలెక్కి కృష్ణా డెల్టాకి వస్తుంది. నేను పొద్దున్న బయల్దేరిన ఏలూరు కాలువలో, కైకలూరు వైపు శివారు చేలల్లో, ఈ కొండ పక్కనించి పోయిన నీరు కూడా వుండొచ్చు. ఎగువన వానల్లేక కృష్ణ ఎండిన ఏడాది, ఆ శివారు రైతుకి ఈ పంపుల చప్పుడు సన్నాయి మేళం లాంటిది.

మరి నీలం కొండల దిక్కు?

అక్కడికి కొద్ది కిలోమీటర్ల ఎగువనే పోలవరం ప్రాజెక్టు. శంకుస్థాపన 1981లో టంగుటూరి అంజయ్య గారి చేతుల మీదుగా జరిగింది. 2014లో జాతీయ ప్రాజెక్టు అయింది. 48 గేట్ల స్పిల్‌వే లేచింది. 2021లో అసలు నదినే పక్కకి తిప్పి, ఆ గేట్ల గుండా పంపారు. ప్రధాన కట్ట పని ఇంకా సాగుతోంది. పూర్తిగా నిండితే నీటిమట్టం 150 అడుగులు. దానికింద పోయే వూళ్ళలోంచి కదలాల్సిన కుటుంబాలు లక్షకి పైనే. అందులో చాలామంది కోయలు, కొండరెడ్లు.

పట్టిసీమ కొండ కట్టకి దిగువన వుంది కాబట్టి దీనికి ముంపు భయం లేదు. గుడి వుంటుంది, మెట్లుంటాయి, కమల్ హాసన్ నిలబడ్డ చోటు ఏదో తేలని పందెం కూడా వుంటుంది. ఇక్కణ్ణించి పైకి పోయే దారే మారిపోతోంది.

పడవాయన చెప్పింది

కిందికి దిగొచ్చాక పడవాయన మాట తప్పలేదు.

"మా చెల్లెల్ని దేవీపట్నం ఇచ్చామండి. పెళ్ళివోళ్ళం అందరం లాంచీ మీదే ఎళ్ళామండి, భజంత్రీలతో సహా. ఏటి పొడుగునా ఎవరి రేవు చూసినా మనోళ్ళే. చెయ్యూపేవోళ్ళు. ఇప్పుడా రేవుల్లేవండి. మా బావగారోళ్ళకి కాలనీలో ఇల్లిచ్చారు. పక్కా ఇల్లే. కరెంటుంది, రోడ్డుంది. మరేంటో, వానాకాలం వొచ్చిందంటే చాలు, ఏటి చప్పుడు లేదురా, నిద్ర పట్టదురా అంటాడండి."

దేవీపట్నం కథ అదే. 2021లో కాఫర్ డ్యాం అడ్డం పడ్డాక వరద వెనక్కి తన్ని వూరు మునిగింది. 1986 ఆగస్టు వరదలో భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులకి లేచింది. పెద్దవాళ్ళు దాన్ని ఇంకా కథలుగా చెబుతారు. 2022 జులైలో 71.3 అడుగులు. ఆ వరదలో కుక్కునూరు, వేలేరుపాడు వూళ్ళవాళ్ళు గుట్టలెక్కి రోజుల తరబడి వున్నారు. 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఇటు కలిపిన మండలాలవి. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు అవీ, పట్టిసీమా, కైకలూరూ అన్నీ ఏలూరు జిల్లాలోకే వచ్చాయి. అంటే ఒక కొసన గోదారి నీళ్ళొచ్చాయని నాట్లు వేసేవాళ్ళు, ఇంకో కొసన గోదారి నీళ్ళొస్తాయని ఇల్లు వదిలేవాళ్ళు. ఇద్దరి కాగితాల మీదా జిల్లా పేరు ఒకటే అయింది.

పాపికొండలకి లాంచీలు ఇప్పుడూ వున్నాయి. వరద లేని రోజుల్లో గండిపోచమ్మ గుడి దగ్గర్నించి నడుస్తాయి. కానీ ఆ ప్రయాణం తలుచుకుంటే 2019 సెప్టెంబరు 15 గుర్తుకు రాకమానదు. కచ్చులూరు దగ్గర పర్యాటకుల లాంచీ వరద గోదారిలో మునిగింది. యాభై మంది దాకా పోయారు. పాటలు పెట్టుకుని, భోజనాలు చేస్తూ, ఫోటోలు దిగుతూ బయల్దేరినవాళ్ళు వాళ్ళంతా. మనలాగే సినిమాలో చూసిన గోదారిని కళ్ళారా చూద్దామని వచ్చినవాళ్ళే ఎక్కువ. "మూగమనసులు"లో సుడిగుండం కథకి ముగింపు. కచ్చులూరు సుడిగుండానికి తర్వాతి రీలు లేదు.

చైనాలో ఒక కొండ

అన్నట్టు, ఇలాంటి కొండే ఒకటి చైనాలో వుంది. యాంగ్జీ నది లోయల్లోకి దూరే చోట, బైదిచెంగ్. తెల్ల చక్రవర్తి కోట అని అర్థం. క్రీ.శ. 223లో షు రాజ్యాధిపతి లియు బే ఆఖరి శ్వాస విడిచింది అక్కడ. 8వ శతాబ్దంలో మహాకవి లి బాయ్ ఆ కొండ దగ్గర తెల్లవారుజామున పడవెక్కి పోవడం మీద రాసిన పద్యం చైనా బళ్ళల్లో పిల్లలందరికీ నోటికి వచ్చు. ఆ కొండ దగ్గర నిలబడితే కనిపించే లోయ ముఖద్వారం బొమ్మని వాళ్ళ పది యువాన్ల నోటు మీద కూడా అచ్చు వేశారు.

తర్వాత త్రీ గోర్జెస్ ఆనకట్ట వచ్చింది. 2010లో జలాశయం 175 మీటర్ల దాకా నిండింది. అంతకు ముందు వొడ్డుకి ఆనుకుని వున్న బైదిచెంగ్ కొండ చుట్టూ నీరు చేరి దీవి అయిపోయింది. ఇప్పుడు యాత్రికులు వంతెన మీద నడిచి వెళ్తారు. పన్నెండు లక్షల మందికి పైగా జనం వూళ్ళు మారారు. పక్కనే వున్న ఫెంగ్‌జీ పాత పట్టణాన్ని, నీరు రాకముందే, మనుషులే సుత్తులతో పగలగొట్టారు.

సరిగ్గా ఆ సమయంలో జియా జాంగ్‌కే అనే దర్శకుడు కెమెరా పట్టుకుని అక్కడికి వెళ్ళాడు. "స్టిల్ లైఫ్" (2006) తీశాడు. విడిపోయిన భార్యా కూతుళ్ళని వెతుక్కుంటూ వచ్చిన ఒక బొగ్గుగని కార్మికుడి కథ. చేతిలో వున్న చిరునామా చూపిస్తే, అది నీళ్ళలో వుందంటారు! ఇంకో చోట అతను పది యువాన్ల నోటు పట్టుకుని, దాని మీది బొమ్మనీ ఎదురుగా వున్న లోయనీ మార్చి మార్చి చూస్తాడు. ఆ సినిమాకి వెనిస్ ఉత్సవంలో పెద్ద బహుమతి, గోల్డెన్ లయన్ వచ్చింది. అందులో నదికి ముందు పాట పాడే హీరో లేడు. ఇల్లు పగలగొట్టే కూలీలు, సామాను మోసే ఆడవాళ్ళు వున్నారు. మన సినిమాల్లో దూరంగా చుక్కల్లా కనిపించే వొడ్డు మీది జనం, అక్కడ తెర నిండా కనిపిస్తారు.

మనవాళ్ళకి గోదారిని చూపించడం రాదని ఎవరనగలరు? బాపు గారి కంటే అందంగా ఎవరు చూపించారు? అయితే "అందాల రాముడు" లాంచీ వెళ్ళిన దారిలో ఆ రేవులు, ఆ పాకలు, చెయ్యూపిన ఆ పిల్లలు ఫిల్ములో ఎంత మిగిలితే అంతే మనకి మిగులుతారు. అది తీసినప్పుడు ఎవరూ అలా అనుకుని వుండరు. ఈ రోజు కెమెరా పట్టుకున్న కుర్రాడికి మాత్రం ఆ సంగతి తెలుసు. చేతిలో ఫోనున్న ప్రతివాడూ కెమెరామనే అయిన కాలం ఇది. మీలో ఎవరో ఒకరు ఆ కాలనీల్లోకి వెళ్ళి, ఏటి చప్పుడు లేక నిద్ర పట్టని ఆ బావగారిని కూచోబెట్టి మాట్లాడిస్తే, దానికి హీరో డేట్లు అక్కర్లేదు, సెట్టింగులు అక్కర్లేదు.

మీరూ ఒక పూట వీలు చేసుకోండి. ముందు ఇంట్లో "అందాల రాముడు" ఇంకోసారి వేసుకుని చూడండి. ఈసారి లాంచీ మీద నాగేశ్వరరావునీ లతనీ కాసేపు వదిలేసి, వెనకాల వొడ్డుని చూడండి. తర్వాత కొవ్వూరులో దిగి, కుమారదేవం మోడు చిగుళ్ళు పలకరించి, పట్టిసం రేవుకి రండి. కొండెక్కి నాలుగు దిక్కులూ చూడండి. దిగాక పడవాయన్ని ఏటి కబుర్లు అడగండి, కాదనడు.

లైఫ్ జాకెట్ ఇస్తే మాత్రం మొహమాట పడకుండా వేసుకోండి. ఫోటోలో అందం తగ్గితే తగ్గింది!